పాత లింకన్ టౌన్ కార్ కొని, నడుపుకోవడం ఎలా?

డాలస్ ఎయిర్‌పోర్టుకు అమ్మానాన్నలను తీసుకురావడానికి వెళ్లే తెలుగువాళ్లందరికీ ఒక లెక్క తెలుసు. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు, అందులో సగం పచ్చళ్లు, పొడులు. ఇంట్లో ఉన్న సెడాన్‌లో రెండు పెట్టెలు పడతాయి. మూడోది వెనక సీట్లోకి, నాలుగోది నాన్న ఒళ్లోకి. నా పాత టౌన్ కార్ (ఫోర్డ్ వాళ్ల లింకన్ బ్రాండు పెద్ద సెడాన్) డిక్కీలో నాలుగూ పట్టాయి. 2003 తర్వాతి బండ్ల డిక్కీ 21 ఘనపుటడుగులు, అంటే దాదాపు 595 లీటర్లు. మధ్యలో లోతైన గుంత ఉంటుంది, పెద్ద పెట్టెలు అందులో నిలువుగా దిగిపోతాయి.

డిక్కీ కోసమే ఎవరూ కారు కొనరనుకోండి. ముందు వరుసలో పొడుగాటి బెంచీ సీటు, స్టీరింగ్ పక్కన గేరు, గతుకుల మీద కూడా పల్లకీలా సాగే నడక ఉన్న సెడాన్‌ను అమెరికాలో ఇప్పుడెవరూ తయారు చేయడం లేదు. కావాలంటే పాతదే కొనాలి. పాతది కొనడం తెలియకపోతే మాత్రం చేతులు కాలతాయి. నాకు కొంచెం కాలాయి కాబట్టే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇంట్లో ఒకే కారు ఉండి, అది పొద్దున్నే మారుమాట్లాడకుండా స్టార్ట్ కావాల్సిందే అనే పరిస్థితి అయితే ఏ కామ్రీనో కొనుక్కోండి. ఇది రెండో బండిగా బాగుంటుంది.

ఏ సంవత్సరం బండి చూడాలి

టౌన్ కార్ విడి మోడల్‌గా వచ్చింది 1981లో. మూలలు తేలిన పెట్టె ఆకారంతో 1989 దాకా నడిచింది, 1990లో గుండ్రంగా మారింది, 1998లో ఇంకా గుండ్రంగా మారింది. ఆఖరి బండి 2011 ఆగస్టులో కెనడాలోని ఒంటారియో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. అంతకుముందు, 2007 దాకా, మిషిగన్‌లోని విక్సమ్‌లో తయారయ్యేది.

చూడ్డానికి అందమైనది అడిగితే 1980ల పెట్టె ఆకారమే చెబుతాను. నడుపుకోవడానికి అడిగితే మాత్రం 2003 నుంచి 2011 వరకు వచ్చినవి చూడండి. 2003లో కింది ఛాసిస్ కొత్తది వేశారు, స్టీరింగ్‌ను ర్యాక్ అండ్ పినియన్ పద్ధతికి మార్చారు. అంతకుముందు బండ్లలో స్టీరింగ్ కాస్త తేలిపోతున్నట్టుంటుంది. 4.6 లీటర్ల వి8 ఇంజన్ శక్తి కూడా 239 హార్స్‌పవర్‌కు పెరిగింది. ఈ ఇంజన్ 1991 నుంచి ఈ కారులో ఉన్నదే. క్రౌన్ విక్టోరియా పోలీసు కార్లలో, టాక్సీల్లో తిరిగిందీ దాదాపు ఇదే. అందుకే ఇంజన్, గేర్‌బాక్స్, బ్రేకుల సామాను ఇప్పటికీ ఎక్కడైనా దొరుకుతుంది. ఈ ఇంజన్‌ను విప్పి బిగించని మెకానిక్ ఏ ఊళ్లోనూ ఉండడేమో.

దొరకనివి వేరే ఉన్నాయి. హెడ్‌లైట్లు, గ్రిల్, తలుపుల లోపలి చెక్క పట్టీలు, సీటు స్విచ్చులు టౌన్ కార్‌కు మాత్రమే చేసినవి. కాబట్టి ఇంజన్ కాస్త అలసినా, బాడీ, లోపలి సామాను పూర్తిగా ఉన్న బండినే ఎంచుకోండి. దీన్ని తిప్పి చేసినవాళ్లు జంక్‌యార్డుల చుట్టూ తిరుగుతుంటారు.

పేరులో ఎల్ అక్షరం ఉన్న రకం ఆరు అంగుళాలు పొడుగు. ఆ ఆరంగుళాలూ వెనక సీటు వాళ్ల కాళ్లకే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కుతారంటే అది వెతకండి. అయితే వాటిలో చాలావరకు ఎయిర్‌పోర్టు సర్వీసుల్లో అరిగినవే వస్తాయి.

అదే ధరకు క్యాడిలాక్ డెవిల్ కనిపిస్తుంది కదా అని అడిగేవాళ్లుంటారు. సీట్లు దానివీ మెత్తనే. కానీ 1990లలో వచ్చిన నార్త్‌స్టార్ ఇంజన్లలో హెడ్ బోల్టులు అల్యూమినియం బ్లాకులోంచి మరలతో సహా ఊడి రావడం పేరుమోసిన జబ్బు. బాగు చేయాలంటే బండి ధర కన్నా ఎక్కువవుతుంది. నేనైతే దాని జోలికి పోను.

డబ్బును రెండు భాగాలు చేయండి

ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడకూడదు. చేతిలో 6,000 డాలర్లుంటే 4,000 బండి చూడండి. మిగిలిన 2,000 మొదటి మూడు నెలల్లో ఎలాగూ ఖర్చవుతాయి. మొత్తం 6,000 పెట్టి బండి కొనేసి, టైర్లకు క్రెడిట్ కార్డు గీకితే నెల తిరిగేసరికి దాని మీద విసుగొస్తుంది. పెట్రోలు సంగతి కూడా ముందే ఇంట్లో చెప్పేయండి. గ్యాలన్‌కు ఊళ్లో 16, హైవే మీద 24 మైళ్ల చుట్టుపక్కల వస్తాయి. మామూలు 87 ఆక్టేన్ చాలు, ఖరీదైనది పోయనక్కర్లేదు.

బండి చూడ్డానికి వెళ్లినప్పుడు

ఇక్కడ తొందరపడకండి. రెండు గంటలు పెట్టుకుని వెళ్లండి.

అమ్మేవాళ్లకు ముందురోజే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి" అని అడగండి. కారణం వెనక చక్రాల దగ్గరుంది. ఈ కారు వెనక స్ప్రింగులు ఇనుపవి కావు, గాలి నింపిన రబ్బరు సంచులు. బానెట్ కింద చిన్న కంప్రెసర్ వాటికి గాలి పంపుతుంది. డిక్కీలో ఎంత బరువు పెట్టినా ఒక సెన్సర్ చూసుకుని వెనక భాగాన్ని మళ్లీ సమానంగా లేపుతుంది. పల్లకీ నడకకు సగం కారణం ఇదే. ఈ రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ ఎండి, పగిలి, గాలి వదులుతుంది. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున్నే వెనక భాగం నేలకు ఆనించి కూర్చున్న కుక్కలా కనిపిస్తే సంచులు పోయినట్టే. అప్పటికే స్టార్ట్ చేసి ఉంచితే కంప్రెసర్ లేపేసి ఉంటుంది, మీకు తెలియదు.

సంచులు పోయాయని బండి వదిలేయనక్కర్లేదు. రెండు సంచులు, వాటి రబ్బరు రింగులు మార్చడం ఒక పూట పని. ధర తగ్గించుకోండి. కొందరు ఖర్చు తప్పించుకోవడానికి గాలి సంచులు తీసేసి ఇనుప స్ప్రింగులు వేసి ఉంటారు. తప్పేం కాదు కానీ బండి గుణం కొంచెం మారిపోతుంది. కింద వంగి చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత బానెట్ ఎత్తండి. 1996 నుంచి 2001 దాకా వచ్చిన బండి అయితే ఇంజన్ పైనున్న ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పంచే గొట్టాల దిమ్మె) ముందు భాగం చూడండి, ఆల్టర్నేటర్ పక్కన. అప్పట్లో దాన్ని పూర్తిగా ప్లాస్టిక్‌తో చేశారు. కూలెంట్ పారే చోట అది బీటలు వారేది. తర్వాత ఆ ముందు ముక్కను అల్యూమినియంతో చేశారు. వేలితో తడిమితే చల్లగా లోహం తగలాలి. ప్లాస్టిక్కే ఉండి, చుట్టూ తెల్లగా పొక్కు కట్టి ఉంటే అది మీరు మార్పించాల్సిన పని. ఆ లెక్క బేరంలో చెప్పండి.

ఆ కాలపు ఇంజన్లదే ఇంకో సంగతి. స్పార్క్ ప్లగ్గులు పట్టుకునే మరలు హెడ్‌లో తక్కువ చుట్లే ఉన్నాయి. సరిగా బిగించకపోతే ప్లగ్గు తుపాకీ గుండులా బయటికి ఎగిరొస్తుంది. ప్లగ్గులు ఎప్పుడు మార్చారో, ఎవరు మార్చారో అడగండి. యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ టిక్‌టిక్‌మనే చప్పుడు పెరుగుతుంటే జాగ్రత్తపడండి. మీరు మార్పించినా పూర్తిగా చల్లారిన ఇంజన్ మీదే, ఎంత బిగించాలో కొలిచే టార్క్ రెంచ్‌తోనే చేయించండి.

ఇప్పుడు నడపండి. గంటకు 40, 45 మైళ్ల దగ్గర యాక్సిలరేటర్ మీద పాదం ఊరికే ఆనించి ఉంచితే బండి కింద గతుకుల పట్టీ ఉన్నట్టు వణుకుతోందా? ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ వణుకు అది. చాలాసార్లు పాత గేర్ ఆయిల్ తీసి సరైన మెర్కాన్-5 రకం ఆయిల్ పోస్తే పోతుంది. గేరు మారేటప్పుడు గట్టిగా కుదిపితే, లేదా రివర్స్‌లో వేశాక రెండు క్షణాలు ఆలోచించి కదిలితే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఏసీ వేయండి. 2002 దాకా వచ్చిన బండ్లలో డ్యాష్‌బోర్డు గ్రిల్లుల నుంచి గాలి రాకుండా ముందు అద్దం మీదికే కొడుతుంటే అమ్మేవాళ్లు సిగ్గుపడుతూ "ఏసీ పోయింది" అంటారు. చాలామటుకు ఏసీ పోదు, కంట్రోల్ ప్యానెల్ వెనకున్న చిన్న రబ్బరు రింగులు ఎండిపోతాయి. కొన్ని డాలర్ల పని. ఇలాంటి చోట మీరు బేరంలో నెగ్గుతారు. నాలుగు కిటికీలూ రెండుసార్లు కిందికీ పైకీ దించి ఎక్కించండి, అద్దాలను ఎత్తి దించే రెగ్యులేటర్లు తరచూ పోతాయి.

ఆఖర్న తుప్పు. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండి అయితే లిఫ్ట్ మీద పెట్టించి ఛాసిస్ చూడకుండా డబ్బులివ్వకండి. ఇది బాడీని విడిగా ఛాసిస్ మీద కూర్చోబెట్టిన బండి, ఆ ఛాసిస్‌నే తుప్పు తినేస్తే ఇక చేసేదేమీ లేదు. టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనా బండ్లకు తుప్పు తక్కువ, ఎండ దెబ్బ ఎక్కువ. తోలు సీట్లు పగులుతాయి, హెడ్‌లైట్లు పసుపెక్కుతాయి. నా ఓటు ఎండ దెబ్బ తిన్నదానికే. ఫ్లోరిడా బండ్లలో కొన్నింటికి పైకప్పు మీద గుడ్డ టాపు అతికించి ఉంటుంది, కన్వర్టిబుల్‌లా కనిపించడానికి. దాని కింద నీళ్లు చేరి రేకు కుళ్లుతుంది. అందం చూసి మోసపోకండి.

ఎవరి దగ్గర కొనాలి

ఎయిర్‌పోర్టు సర్వీసుల్లో నడిచినవి మూడు లక్షల మైళ్లు దాటినవి కూడా మార్కెట్లో ఉంటాయి. మెయింటెనెన్స్ సరిగానే చేసి ఉండొచ్చు, కానీ గంటల తరబడి ఇంజన్ ఆపకుండా ఏసీలో నిలబడి ఉంటాయి. ఆ అరుగుదల మైళ్ల మీటరులో కనిపించదు. ముందు సీటు కన్నా వెనక సీటు ఎక్కువ నలిగి ఉంటే, డ్యాష్‌బోర్డు మీద స్క్రూ రంధ్రాలుంటే అది కిరాయి బండే.

నాకు అమ్మినాయన 80 దాటిన పెద్దాయన. గ్లవ్ బాక్సులో చిన్న నోటుబుక్కు, అందులో ప్రతి ఆయిల్ మార్పూ తేదీతో సహా పెన్సిల్‌తో రాసి ఉంది. అలాంటి పుస్తకం కనిపిస్తే బేరం కాస్త మెత్తగా ఆడండి.

టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్ అని, అంటే ఒకసారి బాగా దెబ్బతిన్న బండి అని ఉంటే వద్దు. టెక్సస్‌లో అయితే వీలైనంతవరకు అమ్మేవాళ్లతో కలిసే కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి 130-యు ఫారం ఇచ్చి పేరు మార్పించుకోండి. 30 రోజుల గడువు ఉంటుంది, 6.25 శాతం పన్ను పడుతుంది. ఇన్సూరెన్స్ విషయంలో ఒకటి ఆలోచించుకోండి. ఇన్సూరెన్స్ లెక్కల్లో వీటి మార్కెట్ ధర తక్కువ కాబట్టి వెనక నుంచి ఎవరైనా చిన్నగా గుద్దినా కంపెనీ "టోటల్ లాస్" అని ఏదో ముట్టజెప్పి బండి తీసుకుపోతుంది. చాలా శుభ్రమైన బండి అయి, తక్కువ తిప్పుతారంటే, ముందే విలువ ఒప్పుకుని రాసే క్లాసిక్ కార్ పాలసీలు అడిగి చూడండి.

ఇంటికి తెచ్చిన మొదటి నెల

ద్రవాలన్నీ మార్చేయండి, అమ్మినాయన ఏం చెప్పినా సరే. ఇంజన్ ఆయిల్ 5డబ్ల్యూ-20, 2003 తర్వాతి బండికి ఫిల్టర్‌తో కలిపి 6 క్వార్టులు. గేర్‌బాక్స్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్. కూలెంట్ రంగు చూసి పోయకండి, మాన్యువల్ చూసి అదే రకం పోయండి. పాత ఆకుపచ్చదాన్ని తర్వాతి పసుపు రకంతో కలపకూడదు. బ్యాటరీ, బెల్టు, టైర్లు చూడండి. టైరు గాడి బాగానే కనిపించినా పక్కనున్న తేదీ ఆరేడేళ్లు దాటితే మార్చండి. సైజు 2003 నుంచి 225/60 ఆర్17, 1998 నుంచి 2002 దాకా ఆర్16. మెత్తగా నడిచే రకమే అడగండి. రేసు కార్ల టైర్లు వేయిస్తే ఈ బండి కొన్నదెందుకు?

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. డిక్కీ లోపల ఎడమ పక్కన గాలి సస్పెన్షన్ స్విచ్ ఉంటుంది. జాకీ పెట్టే ముందు, లిఫ్ట్ ఎక్కించే ముందు, టో ట్రక్కు ఎత్తే ముందు దాన్ని ఆఫ్ చేయాలి. చేయకపోతే చక్రాలు వేలాడగానే బండి బాగా ఎత్తుగా ఉందనుకుని సిస్టమ్ గాలి వదిలేస్తుంది. కింద పనిచేసేవాళ్లకు ప్రమాదం, దించాక సంచి మడతపడి నలుగుతుంది. ఒకసారి టైర్ల షాపులో కుర్రాడికి చెప్పి, కాఫీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బండి వెనక భాగం నేల మీద, కుర్రాడు అయోమయంలో. ఎడమ సంచి మార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి నేనే ఆఫ్ చేసి, స్టీరింగ్ మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించి తాళం ఇస్తున్నాను. పని అయ్యాక మళ్లీ ఆన్ చేయడం కూడా మర్చిపోకండి.

తోలు సీట్లకు క్లీనర్, ఆ తర్వాత కండిషనర్, మూడు నెలలకోసారి చాలు. మా బంధువు ఒకాయన ప్రేమకొద్దీ కొబ్బరినూనె రాశారు. వారం రోజులు ఎక్కినవాళ్లందరి ప్యాంట్లకూ అంటింది. తోలుకు తలనూనె వద్దు. ఎండలో పెట్టేటప్పుడు అద్దానికి సన్‌షేడ్ తప్పనిసరి.

నడపడం అలవాటు చేసుకోండి

బండి పొడవు 215 అంగుళాల పైన, అంటే 18 అడుగులకు ఒక వేలెడు తక్కువ. కొనేముందే టేపు పట్టుకుని గ్యారేజీ కొలవండి. నీళ్ల హీటరో అలమారో అడ్డం ఉంటే తలుపు మూయలేరు. పార్కింగ్‌లో బండి ముక్కు ఎక్కడుందో తెలియడానికి రెండు వారాలు పడుతుంది. ఖాళీ స్థలంలో అట్టపెట్టెలు పెట్టుకుని ప్రాక్టీస్ చేయండి, నామోషీ ఏమీ లేదు.

బరువు రెండు టన్నులకు కొంచెం తక్కువ. బ్రేకు ముందుగా వేయాలి, మలుపులో ముందుగా తగ్గాలి. చిన్న జపాన్ కారులా లేన్లు మార్చుతూ పోతే వెనక కూర్చున్నవాళ్లకు పడవెక్కినట్టు కడుపులో తిప్పుతుంది. పాదం మెల్లగా ఆనించి 65 మీద క్రూయిజ్ పెట్టండి, ఒక వేలితో స్టీరింగ్ తిరుగుతుంది. రోడ్డు మీది చప్పుళ్లు ఛాసిస్‌కూ బాడీకీ మధ్యనున్న రబ్బరు దిమ్మెల దగ్గరే చాలావరకు ఆగిపోతాయి.

మా నాన్న మొదటిసారి ఎక్కి బెంచీ సీటును చేత్తో తడిమి, స్టీరింగ్ పక్కన గేరు చూసి "ఇది మన అంబాసిడరే కదరా, బాగా తిని బలిసింది" అన్నారు. పాత అంబాసిడర్లలోనూ ముందు బెంచీ, స్టీరింగ్ గేరే. అందులో ముందు ముగ్గురు కూర్చుని తిరుపతి వెళ్లొచ్చినాయన కాబట్టి మధ్యలో మా అమ్మాయిని కూర్చోబెట్టమన్నారు. మూడో సీటు బెల్టు కూడా ఉంది. పదమూడేళ్లు నిండని పిల్లలకు వెనక సీటే క్షేమం కనుక నేను ఒప్పుకోలేదు. పెద్దవాళ్లయితే నిరభ్యంతరంగా ముగ్గురు కూర్చోవచ్చు.

మీరు ఎప్పుడూ డ్రైవర్ సీట్లోనే ఉంటే ఈ బండి సగమే తెలుస్తుంది. ఒక ఆదివారం తాళం ఇంట్లో ఎవరికైనా ఇచ్చి మీరు వెనక ఎక్కండి. కుడి వైపు, కాళ్లు చాపుకుని.

పెద్ద చక్రాలు వేయించడం, నల్ల ఫిల్ములు అతికించడం, బూమ్ బూమ్ స్పీకర్లు పెట్టించడం వద్దు. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలా ఉన్న బండికే తర్వాత అడిగేవాళ్లుంటారు. టెక్సస్‌లో 25 ఏళ్లు నిండితే యాంటీక్ ప్లేట్లు తీసుకోవచ్చు, అయితే అవి ప్రదర్శనలకు, ఊరేగింపులకు వెళ్లే బండ్లకే. రోజూ ఆఫీసుకు వెళ్తారంటే మామూలు ప్లేట్లే ఉంచుకోండి. ఇక హైదరాబాద్ పంపిద్దామనే ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి. మూడేళ్లు దాటిన, ఎడమ స్టీరింగ్ ఉన్న పాత బండిని ఇండియాలోకి మామూలుగా రానివ్వరు.

నెల రోజులు ఊరెళ్తుంటే

ట్యాంకు నిండా పెట్రోలు పోయించండి, టైర్లలో గాలి సరిచూడండి, బ్యాటరీకి చార్జి దిగిపోకుండా చూసే చిన్న మెయింటెయినర్ తగిలించండి. పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి వారానికోసారి స్టార్ట్ చేయమనడం కన్నా, ఇరవై నిమిషాలు హైవే మీద తిప్పమనడం మంచిది. ఊరికే స్టార్ట్ చేసి ఆపితే ఇంజన్‌లో, సైలెన్సర్‌లో తేమ నిలుస్తుంది.

తిరిగొచ్చేసరికి వెనక భాగం కొంచెం కిందికి దిగి ఉండొచ్చు, కంగారుపడకండి. తలుపులన్నీ మూసి, ఇంజన్ స్టార్ట్ చేసి, గేరు వేయకుండా కూర్చోండి. కంప్రెసర్ గుర్రుమంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో వెనక భాగం ఏనుగు లేచినట్టు నిదానంగా లేస్తుంది. పూర్తిగా లేచాకే కదలండి.